నాలుగో లెవెల్ తొక్కుడు దీపం

కోతకు ఇరవై నాలుగు రోజులు

ఇది హాలర్ గది లాగ్ పుస్తకం. తాడుకు కట్టిన బొగ్గు టబ్బులను వాలులో దించి, మళ్లీ పైకి లాగే హాలర్ ఇంజను మీద నేను ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. అన్నేళ్లూ ఇలాంటి పుస్తకాల్లో రోజుకు మూడు ముక్కలే రాశాను. తాడు బాగుంది, బ్రేకు బాగుంది, కింద నా పేరు గుండేటి ఓదెలు. చదివింది ఐదో తరగతి. మూడు ముక్కలకు ఆ చదువే ఎక్కువ. ఈరోజు మాత్రం నిండా రాస్తాను, ఎవరు ఆపుతారో చూస్తాను. నా బిడ్డ సారక్క దీపం చేయబోతోంది!

ముందు చెడ్డ సంగతి రాస్తాను. పొద్దున దీపాల ఆఫీసు ఇన్‌స్పెక్టరు చక్రపాణి మా నాలుగో లెవెల్‌కు దిగి గోడకు నోటీసు అంటించాడు. మాకు వచ్చే కరెంటు తీగె పాతబడిందట. ఇరవై నాలుగు రోజుల్లో కోసేస్తారట. దీపం లేని లెవెల్‌లో మనుషులు ఉండరాదని నియమం. అందుకని మా ముప్పై ఒక్క ఇళ్లవాళ్లూ రెండో లెవెల్ హాస్టల్‌కు ఎక్కాలి. మగవాళ్లకు ఒక హాలు, ఆడవాళ్లకు ఒక హాలు. పొయ్యి ఉండదు. మేం కదలగానే ఇక్కడ గోడ కట్టి మూసేస్తారు.

నా భార్య పోశవ్వ పుట్టగొడుగుల మడికి నీళ్లు చల్లుతూ అంతా విన్నది.

"సారూ, పొయ్యి లేకుంటె వంట ఏడ జేసుకోవాలె? మీ ఆఫీసు బల్ల మీదనా?"

"అక్కడ క్యాంటీన్ ఉంటుందమ్మా."

"క్యాంటీన్ల పచ్చిపులుసు ఉంటదా?"

చక్రపాణి కాగితం తిప్పి వెనక చూశాడు.

"చూసినవా, నీకే తెల్వది. తెల్వని కాడికి మమ్మల్ని తోలుతున్నవ్," అన్నది పోశవ్వ.

ఈ లెవెల్‌ను తవ్వింది మేమే. పైన ఎండ నేలను పెనంలా కాల్చి మనుషులందరూ పాత బొగ్గు బావుల్లోకి దిగిన కాలంలో, నేనూ నా జతగాడు యాకూబూ ఇంకో నలభై మందిమీ పదకొండేళ్లు తవ్వాం. నేను ఆకాశం చూసి ఆరేళ్లయింది. దానికి చీటీ కావాలి, తడి గోనెసంచి కప్పుకోవాలి. ఆకాశం లేకపోతే లేదు. ఈ గోడలు మావి.

ఇక మంచి సంగతి. సారక్క రెండో లెవెల్ బడిలో తీగెల పని చదువుతోంది. ఆఖరి సంవత్సరం. రోజూ నాలుగు వందల పన్నెండు మెట్లు ఎక్కి పోతుంది, దిగి వస్తుంది. ఆఖరి పరీక్షకు ప్రతి విద్యార్థీ ఒక వస్తువు చేసి చూపాలి. చీటీల్లో మా పిల్లకు వచ్చింది "మనిషి బలంతో వెలిగే దీపాల సర్క్యూట్". మిగతావాళ్లు నవ్వారట. సారక్క నవ్వలేదు. ఇంటికి వచ్చి నోటీసును వేలితో అక్షరం అక్షరం చదివింది.

"బాపూ, దీపం లేని లెవెల్ అని రాసిండ్రు. ఆఫీసు తీగె లేని లెవెల్ అని రాయలే. పరీక్షల నెగ్గిన దీపం ఇక్కడ వెలుగుతుంటె మనల్ని ఎట్ల పంపుతరు?"

ఆ మాటకు నేను లేచి దాని నెత్తి మీద చేతులు పెట్టాను. ఏడ్చాను. సంతోషానికే.

కోతకు పంతొమ్మిది రోజులు

బడి స్టోరు ఒక పాత ఫ్యాను మోటారు ఇచ్చింది, సంతకం పెట్టించుకుని. కరెంటు ఇస్తే మోటారు తిరుగుతుంది కదా, మనమే మోటారును తిప్పితే అది కరెంటు ఇస్తుందట. ఇంత పెద్ద సంగతి ముప్పై ఒక్క ఏళ్లు ఇంజను పక్కన కూర్చున్న నాకు తెలియదు! మిగతా సామానంతా మాదే. బరువులు తోసుకోవడానికి వాడే పాత సైకిళ్లు నాలుగు, ఒక టబ్బు ఇరుసు, తోలు బెల్టు. హాలర్ గదిలో నాలుగు సీట్లు వరసగా బిగించాం. నలుగురు తొక్కితే ఒకే ఇరుసు తిరుగుతుంది.

మొదటిసారి తిప్పగానే మోటారు లోపల నీలం రవ్వలు కనిపించాయి. నేను సీటు మీది నుంచి దూకాను.

"ఆపుండ్రి! గ్యాసు ఉంటె అందరం పేలిపోతం! బావిల పుట్టి రవ్వను చూసి నవ్వుతున్నవా బిడ్డా?"

"నిన్ను చూసి నవ్వుతున్న బాపూ. గీ వయసుల గంత దూరం దూకినవ్."

నవ్వినా మాట విన్నది. మా తాతల నాటి గ్యాసు దీపాలకు ఉండే సన్నని ఇత్తడి జాలీ వెతికి తెచ్చి, మోటారు చుట్టూ రెండు పొరలు బిగించింది. జాలీ దాటి మంట రాదు. ఆ తర్వాతే నేను మళ్లీ ఎక్కాను.

బల్బు వెలిగింది. నా కాళ్ల నుంచి వెలుగు వచ్చింది! అరవై ఎనిమిదేళ్ల ఈ కాళ్ల నుంచి! కానీ కాలు కిందికి పోయినప్పుడు బల్బు వెలుగు ఉబ్బుతుంది, పైకి వచ్చినప్పుడు సన్నబడుతుంది. దీపానికి ఆయాసం వచ్చినట్టుంది. బ్యాటరీ పెడితే ఆ ఆయాసం పోతుంది, కానీ బ్యాటరీలన్నీ ఆఫీసువే. పరీక్షలో అవి ఉండకూడదు.

కోతకు పదిహేను రోజులు

ఇంట్లో పెద్ద గొడవ. సారక్కకు విసుర్రాయి కావాలి.

"మా అవ్వ ఇచ్చిన ఇసుర్రాయే అది. దాన్ని సైకిలుకు కడ్తవా?" అన్నది పోశవ్వ, రాయి మీద కూర్చుని.

"అవ్వా, బరువు చక్రం ఒకపారి తిరగబట్టినంక జల్ది ఆగదు. ఒక కాలుకు ఇంకో కాలుకు నడుమ వెలుగు తగ్గకుండ గా బరువే నడిపిస్తది."

"పిండి ఎట్ల?"

"రెండో లెవెల్ హాస్టల్ల ఏం ఇసురుతవే?"

పోశవ్వ లేచి కొంగుతో రాయిని తుడిచి ఇచ్చింది.

పై రాయిని ఇరుసుకు బిగించాం. బ్రేకు లేని చక్రం పక్కన కూర్చోనని యాకూబ్ మొండికేశాడు. హాలర్ మనిషి కదా. సరేనని చెక్క బ్రేకు కూడా పెట్టాం. నలుగురం తొక్కాం. రాయి గుర్రుమని తిరిగింది, బల్బు నిలకడగా వెలిగింది. పోశవ్వ బల్బు కింద అరచెయ్యి పెట్టి గీతలు చూసుకుంది. "మంచిగనే ఉన్నది," అన్నది. మా ఇంట్లో అంతకంటే పెద్ద పొగడ్త లేదు.

ముప్పై ఒక్క ఇళ్లకూ ముప్పై ఒక్క చిన్న బల్బులు. తీగెలు సారక్కే లాగింది.

కోతకు తొమ్మిది రోజులు

రాయాలని లేదు. అయినా రాస్తాను. నా తప్పును నేను రాయకపోతే ఎవరు రాస్తారు.

ఈరోజు పరీక్ష. బడి నుంచి ఫిలోమినా టీచర్ దిగి వచ్చింది. సన్నటి మనిషి, కళ్లద్దాలకు ఒకవైపు దారం. ఆఫీసు తరఫున చక్రపాణి. పొద్దున పది గంటలకు ఆఫీసు కరెంటు ఆపేశారు. ముప్పై ఒక్క బల్బులూ ఒక గంటసేపు ఆరకుండా వెలగాలి. సీట్ల మీద యాకూబూ, హాలర్ మీద పనిచేసిన ముగ్గురు ముసలి జతగాళ్లూ. గడియారం చూసి చెప్పే పని నాది.

అన్ని గుమ్మాల్లో వెలుగు! పిల్లలు ఒక దీపం కింది నుంచి ఇంకో దీపం కిందికి పరుగెత్తారు. సారక్క మీటరు పక్కన నిలబడింది. ముఖం మీద చెమట, కళ్లలో దీపాలు. సరిగ్గా అరగంట అయింది. నాకు సంతోషం పట్టలేదు. సగం దాటాం అని అందరికీ చెప్పాలనిపించింది. నోటితో చెప్పొచ్చు. నా చెయ్యి గోడకున్న హాలర్ బెల్లు మీదికి పోయింది. ఒక్క బెల్లు కొట్టాను.

హాలర్ మీద ఒక్క బెల్లంటే ఆపు. అది విని ఆపకపోతే తాడు తెగుతుంది, కింద మనిషి పోతాడు. ఏళ్లకేళ్లు మా కాళ్లకూ చేతులకూ ఆ ఒక్కటే నేర్పుకున్నాం. నాలుగు జతల కాళ్లు ఒకేసారి ఆగాయి. యాకూబ్ చెయ్యి తనంతట తానే బ్రేకు మీద పడింది. రాయి కీచుమన్నది.

చీకటి. పట్టపగలే కటిక చీకటి.

"ఎవడ్రా బెల్లు కొట్టింది? తాడు తెగిందా?" అని యాకూబ్ అరుపు.

చక్రపాణి నవ్వు వినిపించింది.

కరెంటు వచ్చాక ఫిలోమినా టీచర్ రాసుకుంది. ముప్పై నిమిషాల పది సెకన్లు. ఇంకొక్కసారే అవకాశం ఉందట. కోతకు ముందురోజు. చక్రపాణి మెట్లెక్కుతూ, "హాస్టల్లో మంచాలు వేయిస్తున్నాం," అన్నాడు.

సాయంత్రానికి ఆరు ఇళ్లవాళ్లు మూటలు కట్టుకున్నారు.

కోతకు ఏడు రోజులు

సారక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈ పొద్దున నేనే పోయి దాని పక్కన కూర్చున్నాను.

"తప్పయింది బిడ్డా. సంతోషమాగలే."

అది దీపం బొమ్మ గీసిన కాగితం మీదే చూపు పెట్టుకుని చెప్పింది. "నువ్వు కాకుంటె ఇంకెవరో కొట్టేటోళ్లు బాపూ. టబ్బు కదిలినా బెల్లే, బువ్వకు పిలిచినా బెల్లే ఇక్కడ. మీ కాళ్లు ఒక్క బెల్లుకు ఆగుతయని నేను లెక్కల రాసుకోలే. తప్పు నా బొమ్మల ఉన్నది."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు పోశవ్వ నీళ్ల బిందె దించి అడిగింది. "మీ బెల్లు మా కాళ్లకు తెలుసా?"

తెలియదు. ఆడవాళ్లను హాలర్ మీదికి ఎన్నడూ రానివ్వలేదు. రానివ్వనివాళ్లలో నేనూ ఉన్నాను, అది కూడా రాస్తున్నాను.

"ఆడోళ్లు గంటసేపు ఆగకుంట తొక్కుతరా వదినా?" అన్నాడు యాకూబ్.

"మడులకు రోజూ నలభై బిందెలు మోసేదెవరు మరిదీ? నీ తాడా?"

యాకూబ్ లేచి సీటు తుడిచాడు. నేను బెల్లు విప్పి టబ్బులో వేసి, పాత ఇనుముతో పాటు పైకి పంపేశాను. సాయంత్రం దాకా పోశవ్వా, పక్కింటి లస్మక్కా, ఇంకో ఇద్దరూ తొక్కారు. పాట పాడుకుంటూ తొక్కితే వేగం తగ్గలేదు, పెరగలేదు. మీటరు ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. మూటలు కట్టినవాళ్లలో ఒకామె వచ్చి చూసింది. చాలాసేపు చూసి, "నన్నెప్పుడు ఎక్కిస్తరు?" అని అడిగింది.

కోతకు ఒక్క రోజు

వరసగా రాస్తాను.

పది గంటలకు ఆఫీసు కరెంటు ఆపారు. ముందు సీటు మీద పోశవ్వ, వెనక ముగ్గురు. నేను గోడ పక్కన నా చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అరగంట అయింది. ముప్పావు గంట అయింది. ఫిలోమినా టీచర్ గడియారం వంక చూసి, "గంట నిండింది. సారక్కా, నెగ్గావమ్మా," అన్నది.

యాకూబ్ నన్ను ఎత్తుకున్నాడు. ఆ వయసులో! నేను బిడ్డ పేరు పెట్టి కేకలు వేశాను.

చక్రపాణి కూడా చప్పట్లు కొట్టాడు. "చాలా సంతోషం. ఇక దిగండి. పరీక్ష ముగిసిన గంటలో మోటారు స్టోరుకు చేరాలి. రేపు ఎనిమిదింటికి తీగె కోత."

సారక్క మోటారు దగ్గరికి వచ్చింది. "మోటారు తీసుకపోతె దీపమేది సార్?"

"పట్టా వచ్చింది కదా. కొత్త మోటారుకు దరఖాస్తు పెట్టుకో. ఏడాదిలో వస్తుంది."

"అప్పటిదాక గోడ కట్టకుండ ఉంటరా?"

చక్రపాణి మోటారు వైపు చెయ్యి చాపాడు.

పోశవ్వ వాళ్లు ఇంకా తొక్కుతూనే ఉన్నారు. దిగమని సారక్క చెప్పలేదు కాబట్టి దిగలేదు. ఫిలోమినా టీచర్ కలం మూత తీసి కాగితాన్ని సారక్క వైపు తిప్పింది. ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

"ఇక్కడ రెండు గడులున్నాయి. దీపం వెలిగిన సమయం, దీపం ఆరిన సమయం. రెండోది నింపితే పరీక్ష ముగిసినట్టు. అప్పుడే నీ పట్టా మీద నేను సంతకం పెట్టగలను. ముగియని పరీక్ష సామానును ఎవరూ ముట్టుకోకూడదు. అదీ నియమమే."

చక్రపాణి గొంతు మెత్తబడింది. "అమ్మాయీ, తెలివైనదానివి. దీపం ఆర్పించి పట్టా తీసుకో. ఆఫీసులో ఉద్యోగం నేను చూస్తాను. రెండో లెవెల్‌లో విడిగది ఇప్పిస్తాను. నలుగురు ఆడవాళ్ల కాళ్లను నమ్ముకుని మూడేళ్ల చదువు పాడు చేసుకోకు."

నా బిడ్డ ఆ కాగితం వంక చూసింది. పట్టా కోసం అది ఎక్కిన మెట్లు నాకు తెలుసు. దాని చెప్పులు కుట్టింది నేనే. తీసుకోమనే నోరు నాకు రాలేదు, వద్దనే నోరూ రాలేదు.

"అవ్వా, కాళ్లు నొస్తున్నయా?"

"నొస్తున్నయ్. అయితే ఏంది?" అన్నది పోశవ్వ, తొక్కుతూనే.

"ఒకలు దిగంగనే ఇంకొకలు ఎక్కాలె. ఇద్దరు ఒక్కపారి దిగద్దు. రాయి ఆగద్దు." తర్వాత టీచర్ వైపు తిరిగింది. "మేడం, దీపం ఆరలే. రాయకుండ్రి."

టీచర్ కలానికి మూత పెట్టింది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది.

"ఎంతసేపు తొక్కుతారమ్మా?" అన్నాడు చక్రపాణి.

ఇక నేను ఆగలేకపోయాను. "సారూ, గీ లెవెల్ తవ్వెతందుకు మాకు పదకొండేండ్లు పట్టింది. కూసుంటరా? బెంచి తెప్పియ్యాల్నా?"

తెప్పించాం. మధ్యాహ్నం మూడు దాకా కూర్చున్నాడు. పోశవ్వ దిగి పచ్చిపులుసు చేసి అతనికీ పోసింది. తిన్నాడు. దీపం వంక చూశాడు. మెట్లెక్కి పోయాడు.

కోత రోజు

ఎనిమిదింటికి పాత తీగెలో ఎప్పుడూ ఉండే సన్నటి జుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. కోసేశారు. మా ముప్పై ఒక్క దీపాల్లో ఒక్కటీ రెప్ప వేయలేదు!

సారక్క గోడ మీద సుద్దతో లెక్క వేసింది. నాలుగు సీట్లు, రోజుకు ఇరవై నాలుగు గంటలు, మొత్తం తొంభై ఆరు. మేం పెద్దవాళ్లం తొంభై నాలుగు మందిమి. తలా ఒక గంట, ఇద్దరికి ఇంకో గంట. ఆ రెండు గంటలకు పదకొండు మంది చేతులెత్తారు. మూటలన్నీ విప్పారు. మగవాళ్లను కూడా ఎక్కనిస్తామని పోశవ్వ ప్రకటించింది, బుద్ధిగా ఉంటేనే అని.

గోడ కట్టడానికి మేస్త్రీలు ఇటుకలతో దిగారు. దీపం లేని లెవెల్ కోసం వెతికారు. కనపడలేదు. చాయ్ తాగి పోయారు.

కోత తర్వాత నలభై మూడో రోజు

పరీక్ష నడుస్తూనే ఉంది. ఇంత పొడుగు పరీక్ష ఏ లెవెల్‌లోనూ ఎవరి బిడ్డా రాయలేదు, రాస్తున్నది నా బిడ్డ! బడిలో పేర్లు పిలిచినప్పుడు ఫిలోమినా టీచర్ సారక్క పేరు దగ్గర "పరీక్షలో ఉంది" అని రాస్తుందట. తోటివాళ్లందరికీ పట్టాలు వచ్చాయి. వాళ్లు టోపీలు పెట్టుకుని మా మెట్ల మీదుగానే పనికి పోతున్నారు. అది చూసిన రోజు సారక్క అన్నం కొంచెమే తిన్నది. నేను అడిగాను.

"పట్టా కావాల్నని లేదా బిడ్డా?"

"ఉన్నది బాపూ. మస్తు ఉన్నది."

"మల్ల?"

"దీపం ఆర్పకుండ ఇయ్యాలె. ఇచ్చేదాక నేను విద్యార్థినే. ముసల్దాన్నైనా సరే."

చక్రపాణి రెండు రోజులకోసారి దిగుతాడు. దీపం ఉందా అని చూస్తాడు, ఉందని రాసుకుంటాడు. నిన్న బెల్టు అరిగి జారబోతే, తొక్కుతున్నవాళ్లు ఆగకుండానే సారక్క పక్కన రెండో బెల్టు ఎక్కించింది. అతను ఊపిరి బిగబట్టి చూశాడు. బెల్టు పట్టుకోగానే "హమ్మయ్య" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆ మాట తేదీతో సహా ఈ పుస్తకంలో రాసి పెడుతున్నాను.

ఈ పొద్దున మూడో లెవెల్ నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల గోడకు కూడా నోటీసు పడిందట. మోటారు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. బడి స్టోరులో ఇంకా రెండున్నాయి, పరీక్షకైతేనే ఇస్తారు, పరీక్ష రాసే పిల్ల మీ దగ్గర ఉందా అని సారక్క అడిగింది. ఉందన్నారు. నేల మీద కూర్చుని బొమ్మ గీసి ఇస్తోంది. రాయి ఎంత బరువుండాలో వాళ్లు చేతులతో చూపిస్తున్నారు. విసుర్రాయి ఎవరింట్లో ఉందో అప్పుడే తగువు పడుతున్నారు.

"ఏమయ్యో! నీ వంతు వచ్చింది, ఇంక రాసుడేనా?" పోశవ్వ పిలుస్తోంది.

యాకూబ్ ఒక కాలు దించాడు. నేను ఎక్కాలి.